ఆయాసం ఎంతవరకు? పక్షవాతం తర్వాత తీవ్ర వ్యాయామంపై ఒక సమీక్ష

2002లో కెనడా పరిశోధకులు మెకే-లయన్స్, మక్రిడెస్ ఒక చిన్న లెక్క ప్రచురించారు. పక్షవాతం వచ్చి పునరావాస చికిత్సలో ఉన్నవాళ్లకు గుండె వేగం కొలిచే పరికరం కట్టి, థెరపీ జరుగుతున్నంతసేపూ నాడి ఎంత పెరుగుతోందో గమనించారు. గుండెకు కసరత్తు అనదగ్గ స్థాయిలో నాడి నిలిచిన సమయం ఫిజియోథెరపీలో సెషన్‌కు సగటున 2.8 నిమిషాలు. రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీలో 0.7 నిమిషం. మిగతా సమయమంతా మంచం మీద కాలు ఎత్తడం, దించడం, లేచి నిలబడటం, తూలకుండా నిలదొక్కుకోవడం, ఆగి సేదతీరడం. అవన్నీ అవసరమైనవే. అయితే రోగికి ఆయాసం రాలేదు. ఆయాసం రాకూడదన్నదే అప్పటి పద్ధతి కూడా.

ఆ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. జర్మనీ నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడిన బెర్తా బోబాత్, ఆమె భర్త కారెల్ బోబాత్ రూపొందించిన చికిత్సా విధానం ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ప్రపంచమంతా వ్యాపించింది. పడిపోయిన వైపు కండరాలను గట్టిగా పని చేయిస్తే అవి మరింత బిగుసుకుపోతాయని, వంకర నడక అలాగే స్థిరపడిపోతుందని ఆ విధానపు నమ్మకం. అందుకే ముందు కదలిక తీరు సరిచేయాలి, బలం సంగతి తర్వాత చూద్దామన్నారు. 1990ల చివర్లో కండరాలకు బరువులతో వ్యాయామం చేయించి చూసినప్పుడు బలం పెరిగింది, బిగుతు పెరగలేదు. సిద్ధాంతం సడలినా అలవాటు అంత త్వరగా సడలలేదు. ‘ఎక్కువ కష్టపెట్టొద్దమ్మా, మళ్లీ స్ట్రోక్ వస్తుంది’ అన్న మాట మన ఇళ్లలో ఈనాటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేం. అందులో ఎంత నిజముందో కిందకు వచ్చేసరికి చూద్దాం.

పక్షవాతం వచ్చినవాళ్లు ‘ఊరికే అలసిపోతున్నాను’ అంటే ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం కిందో దిగులు కిందో జమ కడతారు. దిగులు ఉండొచ్చు. దాని వెనక గట్టి శరీర కారణం కూడా ఉంది. ఎంత కష్టపడినా ఒంటి బరువులో కిలోకు నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్ల ప్రాణవాయువును మాత్రమే మనిషి వాడుకోగలడన్న ఒక పైహద్దు ఉంటుంది. ఎవరి మీదా ఆధారపడకుండా సొంత పనులు చేసుకోవాలంటే అది కనీసం 15 నుంచి 18 ఉండాలని సాధారణంగా లెక్కవేస్తారు. స్ట్రోక్ తర్వాత కొలిచి చూస్తే ఎక్కువగా 8కీ 22కీ మధ్య కనిపిస్తోంది. పైగా ఒక కాలు ఈడుస్తూ నడవడమంటే బ్రేకు పట్టేసిన సైకిలు తొక్కడమే. అదే దూరానికి మామూలు మనిషి కంటే ఒకటిన్నర, రెండు రెట్ల శక్తి ఖర్చవుతుంది. ఆదాయం తగ్గింది, ఖర్చు పెరిగింది. స్నానం చేసి బట్టలు కట్టుకునేసరికే ఆ రోజు సామర్థ్యంలో పెద్ద వాటా అయిపోతుంది.

మరి ఆ హద్దును పెంచడమెలా? నలభై నిమిషాలు ఆపకుండా ఓ మోస్తరు వేగంతో నడిపించడం ఒక దారి. అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ మాకో బృందం 2005లో ఈ దారిలోనే ట్రెడ్‌మిల్ మీద ఆరు నెలల పాటు నడిపించి, ప్రాణవాయు సామర్థ్యాన్ని 17 శాతం పెంచగలిగింది. మామూలు పునరావాస వ్యాయామాలు చేసిన గుంపులో పెరుగుదల 3 శాతమే. చిక్కెక్కడంటే, బలహీనపడ్డ కాలు ఆపకుండా నడవాల్సి వచ్చినప్పుడు తనకు వీలైన నిదానపు వేగాన్ని ఎంచుకుంటుంది. గుండెకు ఇంకా సత్తువ ఉండగానే కాలు చేతులెత్తేస్తుంది. ఇంటర్వల్ పద్ధతి ఇక్కడే పనికొస్తుంది. కొద్దిసేపు చేతనైనంత గట్టిగా, కొద్దిసేపు విశ్రాంతి, మళ్లీ గట్టిగా. అరనిమిషం మాత్రమే నడవాలంటే అదే కాలు రెట్టింపు వేగం చూపించగలదు. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు ‘హిట్’ అని పిలుచుకునే హై ఇంటెన్సిటీ ఇంటర్వల్ ట్రైనింగ్ ఇదే. పరుగు పందేల శిక్షణలో ఇది చాలా పాతది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు కొట్టిన ఎమిల్ జాటోపెక్ నాలుగు వందల మీటర్ల పరుగులు పదేపదే తీసి తయారైనవాడే.

రోగుల దగ్గరికి ఈ పద్ధతి గుండె జబ్బుల దారిలో వచ్చింది. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఉల్రిక్ విస్లోఫ్ బృందం 2007లో గుండె బలహీనపడిన 27 మందిని తీసుకుంది. వాళ్ల సగటు వయసు 75 ఏళ్లు. గరిష్ఠ గుండె వేగంలో 90-95 శాతం దాకా వెళ్లేలా నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలు చేయించగా సామర్థ్యం 46 శాతం పెరిగింది. ఆపకుండా మితంగా చేసినవాళ్లలో 14 శాతం. ఆ అంకెలకు వైద్య ప్రపంచం ఉలిక్కిపడింది. పదేళ్ల తర్వాత 261 మందితో ఐరోపాలో స్మార్టెక్స్ అనే పెద్ద ప్రయోగం చేస్తే ఆ తేడా మాయమైంది. అలా ఎందుకైందో వెతికితే దొరికిన సంగతి నాకు అసలు ఫలితం కంటే విలువైనదిగా తోచింది. తీవ్రంగా చేయాల్సినవాళ్లలో సగం మందికి పైగా చెప్పిన స్థాయిని అందుకోలేదు. మితంగా చేయాల్సిన ప్రతి ఐదుగురిలో నలుగురు చెప్పినదానికంటే గట్టిగా చేసేశారు. కాగితం మీద రెండు గుంపులు, ట్రెడ్‌మిల్ మీద దాదాపు ఒకటే గుంపు. వ్యాయామాన్ని మందుగా పరీక్షించడంలో ఉన్న తిప్పలు ఇవి. మాత్రలో 500 మిల్లీగ్రాములంటే 500 మిల్లీగ్రాములే. ‘గట్టిగా నడవండి’ అన్న మాట ఒక్కో ఒంట్లో ఒక్కో మోతాదు అవుతుంది.

స్ట్రోక్ విషయానికి వస్తే నార్వేలోనే గెల్లెస్విక్ బృందం 70 మందితో అదే నాలుగు నిమిషాల పద్ధతిని ఎనిమిది వారాలు నడిపి 2020లో ఫలితం చెప్పింది. ప్రాణవాయు సామర్థ్యం మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే బాగా పెరిగింది. సంతోషమే, అయితే పోలిక మామూలు వైద్యంతో. తీవ్ర వ్యాయామం మామూలు వైద్యం కంటే మేలని తేలిందే తప్ప, మితమైన వ్యాయామం కంటే మేలా అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఆ ప్రశ్నను నేరుగా అడిగిన ప్రయోగాల్లో నేను అన్నిటికంటే ముందు పెట్టేది 2023లో ‘జామా న్యూరాలజీ’లో వచ్చిన హిట్-స్ట్రోక్ ప్రయోగం. సిన్సినాటికి చెందిన పియర్స్ బోయిన్ నాయకత్వంలో అమెరికాలో మూడు చోట్ల జరిగింది. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలకూ ఐదేళ్లకూ మధ్య ఉన్న 55 మంది. సగటు వయసు 63. రెండు గుంపులకూ నడకే వ్యాయామం, వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు, పన్నెండు వారాలు. ఒక గుంపు 30 సెకన్లు పడిపోకుండా నడవగలిగినంత వేగంగా నడిచి, 30 నుంచి 60 సెకన్లు ఆగి, మళ్లీ నడిచింది. రెండో గుంపు ఆపకుండా ఓ మోస్తరుగా నడిచింది. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరన్నది కొలబద్ద. మొదట్లో అందరి సగటు 239 మీటర్లు. నాలుగు వారాలకు వేగపు గుంపు 27 మీటర్లు, మితపు గుంపు 12 మీటర్లు పెంచుకున్నాయి. ఎనిమిది వారాలకు 58, 29. పన్నెండు వారాలకు 71, 27.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగాలి. ఆరు నిమిషాల్లో 239 మీటర్లంటే సెకనుకు సుమారు 0.66 మీటరు. దానికి 71 కలిస్తే 310 మీటర్లు, సెకనుకు 0.86. 27 మాత్రమే కలిస్తే 0.74. కాలిఫోర్నియాలో జాక్వెలిన్ పెరీ బృందం 1995లో స్ట్రోక్ రోగుల నడకను వర్గాలుగా విడగొట్టింది. సెకనుకు 0.4 మీటరు లోపయితే ఇంటికే పరిమితం. 0.4 నుంచి 0.8 దాకా అయితే బయటికి కొద్దికొద్దిగా. 0.8 దాటితే బజారుకు, గుడికి, బస్టాండుకు సొంతంగా వెళ్లే నడక. పెరీ కొలత కొద్ది దూరపు నడకది, ఇది ఆరు నిమిషాలది. కాబట్టి రెంటినీ అతికించి ఖచ్చితమైన తీర్పు చెప్పకూడదు. అయినా సగటు మనిషి ఏ గీతకు ఎటువైపు నిలిచాడో చూస్తే 44 మీటర్ల తేడా చిన్నది కాదని తెలుస్తుంది.

రెండో సంగతి, ఎనిమిది వారాల తర్వాత మితపు గుంపు ఆగిపోయింది, వేగపు గుంపు ఇంకా పెరుగుతూనే ఉంది. నాలుగు వారాలకే ప్రయోగం ముగించి ఉంటే రెండు పద్ధతులూ ఒకటేనని రాసుకునేవాళ్లు. మన దగ్గర ఫిజియోథెరపీ చాలామందికి నెల తిరక్కుండానే ఆగిపోతుంది, డబ్బు చాలకో, తీసుకెళ్లే మనిషి లేకో, ‘ఇక ఇంతే’ అని ఎవరో అనడం వల్లో. మూడో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. వేగంగా నడిచినవాళ్లలో అలసట తక్కువైంది. కష్టపెడితే అలసట పెరుగుతుందనుకుంటాం కదా.

దీని పక్కన మరో ప్రయోగం పెట్టి చూడాలి. కెనడాలో కెవిన్ మోన్సియన్ బృందం 82 మందితో చేసి 2024లో ‘స్ట్రోక్’ పత్రికలో ప్రచురించింది. ఇందులో నడక లేదు. వెనక్కి ఆనుకుని కూర్చుని చేతులతో, కాళ్లతో తోసే యంత్రం మీద నిమిషం గట్టిగా, నిమిషం తేలిగ్గా, అలా పది సార్లు. పన్నెండు వారాలకు ప్రాణవాయు సామర్థ్యం కిలోకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు పెరిగింది. మితంగా చేసినవాళ్లలో దాదాపు 1.8. సుమారు రెట్టింపు. నడకలో మాత్రం రెండు గుంపుల మధ్య తేడా లేదు. వ్యాయామం మానిన ఎనిమిది వారాలకు పెరిగినదాంట్లో సగం కరిగిపోయింది కూడా.

రెంటినీ కలిపి చదివితే ఒంటి స్వభావం అర్థమవుతుంది. ఏది సాధన చేస్తే అదే వస్తుంది. కూర్చుని చేసిన కష్టం గుండెకు, ఊపిరితిత్తులకు దక్కింది. నడిచి పడిన కష్టం నడకకు దక్కింది. అమెరికాలో జార్జ్ హార్న్‌బీ బృందం 2019లో 90 మందితో చేసిన ప్రయోగం కూడా ఇటే చూపిస్తుంది. అందులో విరామాల సూత్రం ప్రధానం కాదు. నాడిని ఎంత ఎత్తులో నిలిపారన్నదే తేడా. గట్టిగా నడిచినవాళ్లు మెల్లగా నడిచినవాళ్ల కంటే ఎక్కువ దూరం సాధించారు. మరుసటి ఏడాది హార్న్‌బీ ముఖ్య రచయితగా వచ్చిన అమెరికన్ ఫిజియోథెరపీ మార్గదర్శకం, స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటి నడవగలిగినవాళ్లకు మధ్యస్థం నుంచి తీవ్రస్థాయి నడకను సిఫారసు చేసింది. రోబో యంత్రాలతో, బరువును పైకి లాగిపట్టే పట్టీలతో నడిపించడాన్ని వద్దంది. లక్షలు పోసి రోబో కొని గోడలకు హోర్డింగులు కట్టే ఆసుపత్రులు ఈ కాగితం ఒకసారి చదివితే బాగుండును. నా అభిప్రాయంలో ‘ఇంటర్వలా, నిరంతరమా’ అన్న తగవే కొంత పక్కదారి. బలహీనమైన కాలితో తీవ్రస్థాయిని అందుకోవడానికి విరామం ఒక ఉపాయం, అంతే. మందు తీవ్రతలో ఉంది, అది కూడా నడకలో.

మరి ఇంత మంచిదైతే ఆసుపత్రిలో చేరిన మర్నాడే మొదలుపెట్టకూడదా? ఇక్కడే ఇళ్లలో వినిపించే భయానికి ఆధారం దొరుకుతుంది. జూలీ బెర్న్‌హార్ట్ నాయకత్వంలో ఐదు దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2,104 మందితో జరిగిన ఆవర్ట్ ప్రయోగం 2015లో ‘లాన్సెట్’లో వచ్చింది. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే మంచం దింపి ఎక్కువసార్లు, ఎక్కువసేపు కదిలిస్తే కోలుకోవడం మెరుగవుతుందని ఆశించారు. మూడు నెలలకు మంచి స్థితికి చేరినవాళ్లు ఆ గుంపులో 46 శాతం, మామూలు పద్ధతిలో 50 శాతం. ఆశించినదానికి విరుద్ధం. ఆ తొలి రోజుల్లో కొద్దికొద్దిగా, తరచుగా కదిలించడం మేలని తర్వాతి విశ్లేషణలో కనిపించింది. 2019లో జర్మనీ నుంచి వచ్చిన ఫిస్-స్ట్రోక్ ప్రయోగం మరో హెచ్చరిక. స్ట్రోక్ వచ్చిన 5 నుంచి 45 రోజుల మధ్య ఉన్న 200 మందిలో ఒక గుంపుకు రోజుకు 25 నిమిషాల ట్రెడ్‌మిల్, రెండో గుంపుకు విశ్రాంతి సాధన, నాలుగు వారాలు. నడక వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తీవ్రమైన దుష్పరిణామాలు మాత్రం ట్రెడ్‌మిల్ గుంపులో ఎక్కువగా లెక్కకొచ్చాయి. ఆ తేడా యాదృచ్ఛికమై ఉండే వీలు పూర్తిగా పోలేదు, కానీ తోసిపుచ్చే తేడా కాదు. పైగా అది తీవ్ర వ్యాయామం కూడా కాదు, మితమైనదే. కాబట్టి హిట్‌కు అనుకూలంగా గట్టి సాక్ష్యం ఉన్నది ఆరు నెలలు దాటినవాళ్లకే. ఆ గీతను చెరిపేసి, మొదటి నెల రోగికి ఈ ఫలితాలు చూపించి ఆశపెట్టడం తప్పు.

ఆరు నెలలు దాటినవాళ్లకైనా ప్రమాదం సున్నా అని చెప్పలేం. హిట్-స్ట్రోక్‌లో వ్యాయామం వల్ల తీవ్రమైన హాని ఎవరికీ జరగలేదు. అయితే వాళ్లందరికీ ముందే ఈసీజీ పెట్టి ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు. 55 మందిలో జరగలేదంటే వెయ్యిమందిలో జరగదని అర్థం కాదు. ఈ విషయంలో పెద్ద లెక్క గుండె రోగుల నుంచే ఉంది. నార్వేలో 4,846 మంది కరోనరీ రోగుల 1,75,820 గంటల వ్యాయామాన్ని 2012లో లెక్కగట్టారు. మితమైన వ్యాయామంలో సుమారు 1,29,000 గంటలకు ఒక గుండె స్తంభన, తీవ్ర వ్యాయామంలో సుమారు 23,000 గంటలకు ఒకటి. రెండూ అరుదే. రెండోది మొదటిదానికంటే తరచు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో చాలామందికి గుండె రక్తనాళాల్లోనూ పూడికలుంటాయి కాబట్టి ఈ అంకె వాళ్లకు పరాయిది కాదు. అదుపులో లేని బీపీ, కొద్దిపాటి శ్రమకే ఛాతీ నొప్పి, గుండె కవాటం బాగా ఇరుకైపోవడం ఉంటే ఈ దారి మూసినట్టే. ఇన్సులిన్‌గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడేవాళ్లు షుగర్ పడిపోకుండా చూసుకోవాలి. నడుస్తుండగా కొత్తగా చెయ్యి బరువెక్కినా, మాట తడబడినా, తల తిరిగినా, ఛాతీ పట్టేసినా అక్కడికక్కడ ఆపి ఆసుపత్రికి పోవడమే.

మోతాదు కొలవడం కూడా తేలికేం కాదు. విశ్రాంతిలో నాడి 72, పరీక్షలో గరిష్ఠంగా 140 వచ్చిన మనిషిని తీసుకుందాం. రెంటి మధ్య తేడా 68. అందులో 60 శాతం, అంటే సుమారు 41, విశ్రాంతి నాడికి కలిపితే 113. హిట్-స్ట్రోక్‌లో వేగపు గుంపు సగటున దాటాల్సిన గీత ఈ 60 శాతమే. మితపు గుంపు 40 శాతంతో, అంటే మన ఉదాహరణలో 99తో మొదలై మెల్లగా పైకి వెళ్లింది. వయసును 220లోంచి తీసేసి గరిష్ఠం కనుక్కునే జిమ్ లెక్క ఇక్కడ చెల్లదు. అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లలో నాడి పైకి లేవదు. కర్ణికల లయ తప్పిన గుండెలో నాడి అంకెను నమ్మలేం. అప్పుడు స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ పేరుతో ఉన్న కష్టపు కొలమానమే గతి, ‘ఎంత కష్టంగా ఉందో అంకెలో చెప్పండి’ అని అడగడం. మాట పడిపోయినవాళ్లను అడిగేదెలా అంటే, బొమ్మలతో.

ఇంటి దగ్గరే చేసుకుంటే? డెన్మార్క్‌లో చిన్న రక్తనాళం మూసుకుని తేలికపాటి స్ట్రోక్ వచ్చిన 71 మందిలో ఒక గుంపుకు ఇంట్లోనే మూడేసి నిమిషాల తీవ్ర వ్యాయామం పన్నెండు వారాలు అప్పగించారు. 2019 నాటి ఫలితం ప్రకారం చేయడం సాధ్యమైంది, సామర్థ్యంలో మాత్రం రెండు గుంపులకూ తేడా రాలేదు. మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగిన అటెండ్ ప్రయోగం హిట్ గురించి కాదు. కుటుంబ సభ్యులకు నేర్పి ఇంట్లోనే పునరావాసం చేయించడం గురించి. 2017లో వచ్చిన ఫలితంలో ఆరు నెలలకు మరణించినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిసి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. ఇంట్లోవాళ్లకు ప్రేమ తక్కువై కాదు. పక్కన నిలబడి ‘ఇంకొంచెం వేగం’ అనగల, ఎప్పుడు ఆపాలో తెలిసిన మనిషి చేసే పని కాగితం మీద రాసిచ్చిన సూచన చేయలేదని నేను అనుకుంటున్నాను.

ఈ సాక్ష్యంలో ఇంకా ఎన్నో చిల్లులున్నాయి. 2020 నాటి కోక్రేన్ సమీక్ష స్ట్రోక్ తర్వాత శరీర దారుఢ్య వ్యాయామాలన్నిటి మీదా 75 ప్రయోగాలను పోగేస్తే మొత్తం 3,017 మంది తేలారు. ఒక్కో ప్రయోగానికి నలభై మంది. హిట్-స్ట్రోక్‌లో మూడింట రెండొంతులు మగవాళ్లే. అసలు నడవలేనివాళ్లు ఈ ప్రయోగాల గుమ్మం దాకా కూడా రాలేదు. తీవ్ర వ్యాయామం రెండో స్ట్రోక్‌ను తగ్గిస్తుందా అన్నది ఇంత చిన్న గుంపుల్లో తేలే విషయం కాదు. ల్యాబ్‌లో ఆరు నిమిషాల దూరం పెరిగిన మనిషి ఇంటికెళ్లాక నిజంగా ఎక్కువ నడుస్తున్నాడా అన్నది మరో ప్రశ్న. వీధి కుక్కలు, గుంతలు, కాలిబాట మీద బండ్లు, ఎండ దాటుకుని నడవాలి మరి.

ట్రెడ్‌మిల్, పడిపోకుండా పట్టే పట్టీలు, ఈసీజీ అన్నీ కావాలంటే జిల్లా ఆసుపత్రిలో ఇది జరిగే పనేనా అని అడగొచ్చు. పరీక్ష లేకుండా మొదలుపెట్టకూడదు, ఆ ఖర్చు తప్పదు. తర్వాతి సంగతి వేరు. హిట్-స్ట్రోక్‌లో 45 నిమిషాల సెషన్‌ను విడదీసి చూస్తే పది నిమిషాలు నేల మీద నడక, ఇరవై నిమిషాలు ట్రెడ్‌మిల్, మళ్లీ పది నిమిషాలు నేల మీద, అటూ ఇటూ కాస్త ఒళ్లు వేడెక్కించడం, చల్లబరచడం. అంటే సగం వ్యాయామం జరిగింది యంత్రం మీద కాదు, వరండాలో. దానికి పొడవైన నడవా, గడియారం, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని పక్కనే నడిచే ఫిజియోథెరపిస్టు చాలు. ఆ వరండా సగం ఒక్కటే ఎంత ఫలితమిస్తుందో ఎవరైనా విడిగా కొలిచి చూడాలి. ఆ ప్రయోగం చేయడానికి మన బోధనాసుపత్రులకు వరండాల కొరత లేదు.